కమాన్ జట్టు కండువా

గద్వాలలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళలో సినిమా పాటలు విననివాళ్ళు లేరు. క్రికెట్టు వినేవాళ్ళూ వాడకు నలుగురైదుగురు ఉండేవారు. హాకీ వినేది మాత్రం నాగన్న ఒక్కడే. అదీ దేశం ఆడే హాకీ కాదు. హైదరాబాదులోని చార్‌కమాన్ స్పిన్నింగ్ మిల్లు జీతాలిచ్చి పెంచుకున్న జట్టు ఒకటుండేది. జనం దాన్ని కమాన్ జట్టు అనేవారు. ఆ జట్టు ఆట రేడియోలో వస్తున్నదంటే నాగన్న పొద్దున్నే తలస్నానం చేసి, జమ్ములమ్మ పటానికి ఊదుబత్తి వెలిగించి, ఆ తర్వాతే మగ్గం మీద పోగు ఆడించే నాడె చేతికి తీసుకునేవాడు.

ఈ భక్తి ఎక్కడ మొదలైందంటే, నూలు బండిల్ దగ్గర. నాగన్న తండ్రి ఆ మిల్లు నూలే కొనేవాడు. బండిల్ మీద అతికించిన కాగితంలో ఒక కమాను ద్వారం, దాని కింద అడ్డంగా పెట్టిన రెండు హాకీ కర్రలు ఉండేవి. చిన్నప్పుడు నాగన్న ఆ కాగితాన్ని నీళ్ళతో తడిపి ఒలిచి, మగ్గం గదిలో అమ్మవారి పటం పక్కనే గోడకు అంటించాడు. బడిలో డ్రిల్ మాస్టరు యేసయ్య సారు తుమ్మకొమ్మలు వంచి కర్రలు చేయించి, కోట మైదానంలో ఆట నేర్పాడు. ఏడో తరగతితో చదువు ఆగింది, ఆటా ఆగింది. కాగితం మాత్రం గోడ మీద అలాగే ఉండిపోయింది. ఊదుబత్తి పొగ పటానికి ఎంత తగిలేదో దానికీ అంతే తగిలేది.

"దేవతకు మంగళారం ఒక్కనాడే. నీ కమాన్‌కు మాత్రం వారం వర్జ్యం లేదు," అని భార్య సుభద్రమ్మ ఎగతాళి చేసేది.

అంత భక్తి ఉన్నవాడు జట్టును మెచ్చుకుంటాడా అంటే, అదీ లేదు. ఆట సాగుతున్నంతసేపూ తిడుతూనే ఉండేవాడు. పెనాల్టీ కార్నర్ దొరికితే గోడను కొట్టినట్టు కొడతారని, గెలుస్తున్న ఆటను చివర్లో నిద్రపోయి పోగొట్టుకుంటారని, ఫుల్ బ్యాక్ పెండ్లికి వచ్చిన చుట్టంలా నిలబడతాడని ఆయన ఫిర్యాదు. పక్కింటివాళ్ళు ఆ గొంతు విని, కమాన్ ఓడిందో గెలిచిందో చెప్పగలిగేవారు కాదు. గెలిచినా అదే గొంతు.

తిట్టు పడనివాడు ఆ జట్టులో ఒక్కడే ఉన్నాడు, సెంటర్ హాఫ్ శ్రీశైలం. వనపర్తి అవతల పాన్‌గల్ అతని ఊరు. వేరుశెనగ చేలో పెరిగిన పిల్లవాడు మిల్లుకు పోయి, ఏండ్ల తరబడి అక్కడే ఆడి, కెప్టెన్ అయ్యాడు. రేడియోలో వ్యాఖ్యాత అతని పేరెత్తినప్పుడల్లా, నాగన్న నాడె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలేది. మన నేల మనిషి నడుమ నిలబడి ముందున్నవాళ్ళకు బంతి అందిస్తున్నాడు, వెనకున్నవాళ్ళను కాపాడుతున్నాడు అనుకుంటే ఆయనకు కడుపు నిండినట్టుండేది.

ఎనభై ఆరో సంవత్సరం చలికాలంలో యేసయ్య సారు ఇంటికి వచ్చాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాడు గాని, ఎక్కడ ఆట జరిగినా ఈల వేయడానికి ఆయన్నే పిలిచేవారు. వనపర్తి కాలేజీ మైదానంలో కమాన్ జట్టుకూ జిల్లా జట్టుకూ ఒక ఆట పెడుతున్నారట. ఆట ముందు కెప్టెన్‌కు గద్వాల కండువా కప్పాలని కమిటీవాళ్ళు అనుకున్నారట. ఎవరిచేత నేయించాలన్నప్పుడు ఆయనకు నాగన్న తప్ప ఇంకో పేరు తోచలేదు.

నాగన్న గోడ మీది కాగితం వైపు చూశాడు. తర్వాత, అది మామూలుగా నేసేది కాదు, అమ్మవారికి నేసే పద్ధతిలో నేస్తానన్నాడు.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి. నాగన్న ఇంట్లో ఏటా జమ్ములమ్మ జాతరకు ఒక చీర నేసి అమ్మవారికి కట్టబెట్టడం తాత నాటి నుంచి ఉన్నది. ఆ చీర మగ్గం మీద ఉన్నన్నాళ్ళు ఇంట్లో నీసు వండరు. స్నానం చేయకుండా గుంటలో దిగరు. మొదటి పోగు వేసేటప్పుడు ఎవరికోసం నేస్తున్నారో వాళ్ళ పేరు పలుకుతారు. పేరు పలికాక ఆ బట్ట వేరేవాళ్ళకు పోదు. అన్నిటికన్నా పెద్ద నియమం నోటిది. మగ్గం మీద కూర్చుని చెడ్డమాట అనకూడదు, కోపంతో నేయకూడదు. మనుషులకు నేసే బట్టకు ఈ నియమం పట్టడం ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ లేదు. తల్లి బాలనాగమ్మ కొంచెం సందేహించింది. ఆటగానికి అమ్మవారి నియమమేమిటని అడిగింది. మంచి మనిషికి చేసేది దేవునికి చేసినట్టు కాదా అని నాగన్న తిరిగి అడిగాడు. ఆమె వద్దనలేదు.

మొదటి పోగు వేస్తూ "కమాన్ కెప్టెన్‌కు" అని పలికాడు నాగన్న. శ్రీశైలం పేరే పలుకుదామనుకున్నాడు గాని, కండువా జట్టంతటికీ మర్యాద అని ఆ మాట అన్నాడు.

గద్వాల బట్టకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఒంటికి వేరే నాడె, అంచుకు వేరే నాడె. ఒంటి పోగు వచ్చి అంచు పోగును కొక్కెంలా పట్టుకుని వెనక్కి మళ్ళాలి. ప్రతి వరుసలో ఇది జరగాలి. దీన్నే కుప్పడం అంటారు. అది పడితే నూలూ పట్టూ ఒకే బట్ట అవుతాయి. పట్టకపోతే పక్కపక్కన ఉన్నట్టే ఉంటాయి గాని, వాటి నడుమ వేలు దూరే సందు మిగులుతుంది. ఈ పని ఒక్కడివల్ల అయ్యేది కాదు. కుడి అంచు నాగన్నది, ఎడమ అంచు సుభద్రమ్మది. ఒకే గుంటలో పక్కపక్కన కూర్చుని ఇద్దరూ నేసేవారు. నియమం వల్ల రేడియో కట్టేశారు. కమాన్ ఆట విని తిట్టకుండా ఉండటం నాగన్నవల్ల కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

పని సగం దాటింది. ఒకనాడు మధ్యాహ్నం యేసయ్య సారు మళ్ళీ వచ్చాడు, చేతిలో పేపరుతో. గడపలోనే నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి, ఆట రద్దయిందేమో అనుకున్నాడు నాగన్న. అంతకన్నా చెడ్డదే. శ్రీశైలానికి విశ్రాంతి ఇచ్చామని మిల్లువాళ్ళు పేపరులో వేయించారు. కెప్టెనుగా తీసేశారు, జట్టులోంచీ తీసేశారు. కన్నడ సీమలోని కొడగు నుంచి వచ్చిన ముద్దప్ప అనే కుర్రవాణ్ణి కెప్టెన్ చేశారు. వనపర్తికి వచ్చేది ఆ కొత్త జట్టే.

"విశ్రాంతి అంటే ఏంది సారూ?" అన్నాడు నాగన్న. "ఆయన అడిగిండా?"

అడగలేదు. అసలు సంగతి యేసయ్య సారుకు హైదరాబాదులోని తన తోటి మాస్టరు చెప్పాడు. జట్టులో ఒక పిల్లవానికి ఆటలో మోకాలు విరిగింది. ఆడలేనివాడు మాకెందుకని మిల్లు వాణ్ణి ఉద్యోగం నుంచి పంపేసింది. శ్రీశైలం మేనేజరు దగ్గరికి పోయి, మీ ఆట ఆడుతూనే కదా వాని కాలు విరిగింది, ఏదైనా కూర్చునే పని ఇవ్వండి అని అడిగాడు. ఆ వారంలోనే శ్రీశైలానికి ఈ విశ్రాంతి వచ్చింది.

సారు వెళ్ళిపోయాడు. నాగన్న లేవలేదు. నాడె తీసుకున్నాడు, విసిరాడు, మళ్ళీ విసిరాడు. కాలికింది పలక తొక్కుడు కూడా మారింది. ఏ మాట అనకూడదో ఆ మాటలే నోట్లోంచి వచ్చాయి. మిల్లు మేనేజరును అన్నాడు, మిల్లు పెట్టినవాణ్ణి అన్నాడు, వాళ్ళ నూలు కొన్న తన తండ్రిని కూడా అన్నాడు. కాలు విరిగినవాడి కోసం నోరు విప్పినందుకు మనిషిని తీసి పారేస్తారా? ఇన్నేండ్లు తాను పొగ వేసింది ఇటువంటివాళ్ళ కాగితానికా? గోడ మీది ఆ కమాను, ఆ కర్రలు చూస్తుంటే ఒళ్ళు మండింది. ఆ జట్టు గెలిస్తే తాను గెలిచినట్టు, ఓడితే తాను ఓడినట్టు ఏండ్లకేండ్లు బతికాడు. వాళ్ళకు ఈ సంగతి తెలియనే తెలియదు. తెలిసినా ఒక పోగంత విలువ ఇవ్వరు.

అంతదాకా తోడు నేసిన సుభద్రమ్మ చేతులు ఇప్పుడు ఆగిపోయాయని ఆయన చూసుకోలేదు. ఎడమ అంచు నిలిచిపోయింది. ఒంటి నాడెనూ కుడి అంచు నాడెనూ తానొక్కడే ఆడిస్తున్నాడు.

"జర ఆగు," అన్నది ఆమె. ఆయన ఆగలేదు. అప్పుడామె పోగులను దగ్గరికి కొట్టే పన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఇగో, ఆగమంటున్న. నీ దిక్కు కుప్పడం పట్టలే. జానెడు పొడుగు పట్టలే. చూడు."

చూశాడు. నిజమే. అంచు అంచుగా ఉంది, ఒళ్ళు ఒళ్ళుగా ఉంది, నడుమ సన్నటి చీలిక. పదేండ్ల పిల్లవానిగా గుంటలో దిగినప్పుడు కూడా ఆయన ఇటువంటి తప్పు చేయలేదు.

విప్పుదామన్నది సుభద్రమ్మ. జానెడే కదా, పొద్దుగూకేసరికి విప్పి మళ్ళీ నేయవచ్చు అన్నది. నాగన్న తల అడ్డంగా ఊపాడు. ఉండనీ అన్నాడు. మైదానంలో అందరి ముందు కప్పుకున్నప్పుడు అంచు ఒక దిక్కు, ఒళ్ళు ఒక దిక్కు వేలాడాలి. మిల్లువాళ్ళ ముఖం అప్పుడు చూడాలి. వాళ్ళు చేసిన పనికి అదే తగిన మర్యాద అన్నాడు.

బాలనాగమ్మ నూలు కండెలు చుడుతూ వాకిట్లోంచే అంతా విన్నది. అమ్మవారి నియమంతో మొదలుపెట్టిన బట్ట మీద కోపం పడిందని ఆమె పరేషాన్ అయింది.

"అమ్మవారికి కోపం రాదా అమ్మా?" అన్నాడు నాగన్న. "మరి చేతిల కత్తి ఎందుకు పట్టుకున్నది? తప్పు చూసి కోపం రానోని భక్తి ఏం భక్తి?"

"ఆమె కోపం ఎవరి మీద పడాల్నో ఆమెకు ఎరుకే బిడ్డా. నీది ఎవరి మీద పడ్తదో నీకు ఎరుకేనా?"

ఆ మాట నాగన్నకు నచ్చలేదు. మర్నాడు విప్పకుండానే పై వరుసలు నేయసాగాడు. సుభద్రమ్మ ఎడమ అంచు వేసింది గాని ఆయనతో మాట్లాడలేదు. రెండు మూడు జానలు పైకి పోయాక ఆ చీలిక కిందికి చుట్టుకుపోయి కంటికి కనిపించకుండా పోయింది.

మగ్గం మీంచి కండువా కోసిన రోజున ఆమె సూది, పట్టు పోగు తెచ్చి ముందు పెట్టింది. మగ్గం మీద పట్టనిది సూదితో పట్టించవచ్చు. కష్టమైన పనే గాని ఓపిక ఉంటే తెలియకుండా కలిపేయవచ్చు. నాగన్న కండువా మడిచి సందుగలో పెట్టి తాళం వేశాడు.

"సగం నేను నేసిన," అన్నది సుభద్రమ్మ. "నా దిక్కు ఒక్క పోగు తప్పలే. నీ కోపంతోని నా సగం గూడ అబద్ధమైతది. నన్నొక్క మాట అడిగినవా?"

 శ్రీశైలం సెలవు మీద ఊరికి వచ్చి ఉన్నాడని యేసయ్య సారు చెప్పగా, నాగన్న అతన్నే అడిగి వస్తానని బయల్దేరాడు.

బస్సు బీచుపల్లి వంతెన మీదికి రాగానే అలవాటుగా కిటికీలోంచి ఆంజనేయస్వామికి చేతులు జోడించాడు. వనపర్తిలో దిగి ఇంకో బస్సెక్కి పాన్‌గల్ చేరాడు. శ్రీశైలాన్ని మనిషిగా చూడటం అదే మొదటిసారి. రేడియోలో విన్నప్పుడు ఎంత ఎత్తు ఊహించుకున్నాడో అంత ఎత్తు లేడు. కళ్ళంలో ఎండబెట్టిన వేరుశెనగ కట్టెను తిరగేస్తున్నాడు. గద్వాల నుంచి ఒక సాలె మనిషి తన కోసం వచ్చాడంటే ముందు నమ్మలేదు. మంచమేసి, మజ్జిగ తెప్పించాడు.

నాగన్న తన కడుపులో ఉన్నదంతా చెప్పాడు. మిల్లును, మేనేజరును, కొత్త కెప్టెన్నూ కలిపి కడిగేశాడు. బంతి కన్నా మీసం మీద ఎక్కువ ధ్యాస ఉండే కొడగు పోరగాడు ఆ చోట నిలబడతాడా అన్నాడు. ముద్దప్ప ఆట ఆయన ఎన్నడూ వినలేదు. అయినా అన్నాడు.

శ్రీశైలం అంతా విని, కాసేపు కట్టెనే తిరగేశాడు.

"ముద్దప్ప మంచిగ ఆడ్తడన్నా," అన్నాడు చివరికి. "నాకంటె జోరు. నేనే నేర్పిన."

నాగన్నకు ఎక్కడలేని కోపం వచ్చింది. తాను ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా? కాలు విరిగిన పిల్లవాని సంగతి అడిగాడు. అదొక్కటి అడిగినప్పుడే శ్రీశైలం గొంతు మారింది. వాడు ఇంట్లో ఉన్నాడని, దవాఖానకు కూడా మిల్లు పంపలేదని చెప్పాడు. తనకు మిల్లు గోదాములో ఏదో పని ఉంచారట. జీతం సగానికి తగ్గింది. ఆటకు జట్టుతోపాటు రమ్మనలేదు, వస్తే కాదనరు. మన తావున ఆడుతున్నారు గనుక జనంలో కూర్చుని చూస్తానన్నాడు.

కండువాలోని చీలిక సంగతి నాగన్న చెప్పాలనుకుని వచ్చాడు. నోటి దాకా వచ్చింది, చెప్పలేకపోయాడు. ఆ కళ్ళంలో, ఆ మనిషి ముందు, అది గొప్ప పనిలా తోచలేదు. తిరుగు బస్సులో మాత్రం మళ్ళీ కోపం తెచ్చుకున్నాడు. అన్యాయం జరిగినవాడు ఊరుకుంటే, చూసినవాడైనా మాట్లాడవద్దా? శ్రీశైలానికి ఉద్యోగం ఉంది, నోరు కట్టేసుకున్నాడు. తనకు మిల్లు ఏమిస్తున్నదని తాను కట్టేసుకోవాలి?

ఆట నాడు వనపర్తి మైదానం నిండిపోయింది. గోపాల్‌పేట నుంచి, కొల్లాపూర్ నుంచి జనం బండ్ల మీద వచ్చారు. సున్నంతో గీతలు గీశారు. ఒక పక్క బల్లలు కలిపి వేదిక వేసి, దాని మీద కుర్చీలు పెట్టారు. యేసయ్య సారు తెల్ల ప్యాంటు వేసుకుని మెడలో ఈల తగిలించుకుని తిరుగుతున్నాడు. నాగన్న వేదిక పక్కన కండువా పట్టుకుని నిలబడ్డాడు. శ్రీశైలం జనంలో, మొదటి వరుసకు కొంచెం వెనక, కింద కూర్చుని ఉన్నాడు. గుర్తుపట్టినవాళ్ళు పలకరిస్తుంటే తల వంచుకుంటున్నాడు.

కమాన్ జట్టు లారీ దిగి వరుసగా వచ్చింది. నూలు కాగితం మీద ఉన్న కమానే వాళ్ళ అంగీల మీద ఉంది. ఇన్నేండ్లు గోడ మీద చూసిన గుర్తు ఊపిరి పీల్చుకుంటూ నడిచి వస్తుంటే నాగన్న గుండె, వద్దన్నా, ఒకసారి పొంగింది. పొంగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మేనేజరు మాట్లాడాడు. క్రీడలు, క్రమశిక్షణ, మిల్లు చేస్తున్న సేవ, అన్నీ వచ్చాయి ఆ మాటల్లో. ఈ జిల్లా మిల్లుకు ఎందరో ఆటగాళ్ళను ఇచ్చిందన్నాడు. ఒక్క పేరు చెప్పలేదు. తర్వాత కెప్టెన్ను పిలిచారు, కండువా తెచ్చిన నేతగాణ్ణి పిలిచారు.

ముద్దప్ప వచ్చి నిలబడ్డాడు. మీసం సరిగా మొలవలేదు. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. అతని కళ్ళు వేదిక మీద లేవు. జనంలో శ్రీశైలం ఎక్కడున్నాడో అక్కడున్నాయి. తాను నిలబడిన చోటు ఎవరిదో ఆ పిల్లవానికి తెలుసు. నాగన్న కండువా విప్పబోతుండగా వాడు తల వంచి, రెండు చేతులూ జోడించాడు. పెద్దవాళ్ళ ముందు ఎట్లా నిలబడాలో ఇంట్లో నేర్చుకున్న పిల్లవాడు.

అప్పుడు తెలిసింది నాగన్నకు. చీలిక వేలాడేది మిల్లు భుజాల మీద కాదు, వీని భుజాల మీద. నవ్వితే జనం వీణ్ణి చూసి నవ్వుతారు. మేనేజరు కుర్చీలో కూర్చునే ఉంటాడు.

ఆయన చేతులు ఆగిపోయాయి. కప్పవయ్యా అని కమిటీవాళ్ళలో ఎవరో అన్నారు. నాగన్న జనం వైపు తిరిగాడు. ఎన్నడూ నలుగురిలో మాట్లాడినవాడు కాదు.

"ఈ బట్ట నేను అమ్మవారి నియమంతోని నేసిన," అన్నాడు. "సగం కాంగనే, శ్రీశైలాన్ని తీసేసిండ్రన్న మాట చెవున పడ్డది. ఎందుకు తీసేసిండ్రో గూడ తెలిసింది. కాలు విరిగిన పిల్లగానికి పని ఇయ్యుండ్రి అని అడిగినందుకు. నాకు కోపమొచ్చింది. కోపం చేతికొచ్చింది. గిదిగో, గీ తావుల కుప్పడం పట్టలే." కండువా ఎత్తి పట్టుకుని, చీలికలో వేలు దూర్చి చూపించాడు. "తెలిసే తెచ్చిన. కప్పుదామనే తెచ్చిన. తప్పు."

మైదానంలో సద్దుమణిగింది. దూరంగా ఉన్నవాళ్ళు ఏమన్నాడని ముందున్నవాళ్ళను అడుగుతున్నారు. చీలిక ఎంతమందికి కనిపించిందో గాని, కాలు విరిగిన పిల్లవాని మాట మాత్రం వెనక వరుసల దాకా పోయింది.

మేనేజరు లేచాడు. కోప్పడతాడనుకున్నాడు నాగన్న, దానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆయన కోప్పడలేదు. నవ్వుతూ వచ్చి, నాగన్న చేతిలోంచి కండువా తీసుకుని, చీలిక ఉన్న భాగం లోపలికి మడిచి, ముద్దప్ప భుజాల మీద వేశాడు.

"ఫోటోకే కదయ్యా," అన్నాడు. "ఎవరికి తెలుస్తుంది?"

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

నాగన్నకు అప్పటిదాకా వచ్చిన కోపాలన్నీ ఈ కోపం ముందు చిన్నవైపోయాయి. ఈయన దగ్గర అన్నిటికీ ఇదే లెక్క. ఒకని కాలు విరిగితే లోపలికి మడువు, ఒకడు నోరు విప్పితే లోపలికి మడువు, పైన కమాను గుర్తు మెరుస్తుంటే చాలు. నూలు అమ్మేవాడు, బట్ట అంటే ఏమిటో ఎన్నడన్నా ఆలోచించాడా? ఒకదాన్నొకటి పట్టుకోనివాటిని పక్కపక్కన నిలబెట్టి జట్టు అంటే, అది జట్టు అవుతుందా?

ఒక్క అడుగు ముందుకు వేసి, ముద్దప్ప భుజాల మీంచి కండువా తీసేశాడు. పిల్లవాడు అదిరిపడ్డాడు. గద్వాలవాళ్ళకు రాయచూరు సంతల వల్ల కన్నడం కొంత వచ్చు.

"తప్పు తిళ్కోబేడప్పా," అన్నాడు నాగన్న మెల్లగా, తప్పుగా అనుకోవద్దని. "నీది నీకే. సరిచేసి పంపిస్త."

ముద్దప్ప తల ఊపాడు. ఆయన ముఖంలోకి చూసి ఇంకోసారి ఊపాడు. ఫోటోలో ఏం పడిందో ఎవరూ చూడలేదు. నాగన్న కండువా మడుచుకుని వేదిక దిగాడు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు, ఇద్దరు ముగ్గురు పిచ్చోడన్నారు. కమిటీ మనిషి ఒకడు చెయ్యి పట్టుకోబోతే యేసయ్య సారు అడ్డం వచ్చి, ఆట మొదలుపెట్టాలి జరగండి అని ఈల వేశాడు. అప్పటికింకా జిల్లా జట్టు మైదానంలోకి రానే లేదు.

నాగన్న పోయి శ్రీశైలం పక్కన కూలబడ్డాడు. మెచ్చుకుంటాడని కాదు గాని, ఒక మాటైనా అంటాడనుకున్నాడు.

"ఎందుకన్నా గిట్ల చేస్తివి?" అన్నాడు శ్రీశైలం. "రేపు నన్ను పిలిచి అడుగుతరు. నువ్వే చెప్పించినవు అంటరు."

"అడిగితే నా పేరు చెప్పు. గద్వాల, సాలెవాడ, నాగన్న అని చెప్పు. నూలు గూడ వాళ్ళది కొననని చెప్పు."

శ్రీశైలం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోపమో, మరేమిటో తెలియలేదు. కొంతసేపయ్యాక, అటు చూస్తూనే, "ఆ పిల్లగాని సంగతి నలుగుట్ల ఎవరూ అనలేదన్నా ఇన్నాళ్ళు," అన్నాడు.

ఆట మొదలైంది. నోరు తెరవనని నాగన్న ఒట్టు పెట్టుకున్నాడు. కండువా ఒళ్ళో పెట్టుకుని, సుభద్రమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. సూది ఆమెనే అడగాలి. మొదటి పోగు ఎవరి పేరున పడిందో ఆ పిల్లవానికే చేరాలి, మిల్లు చేతుల మీదుగా కాకుండా చేరాలి. నియమం చెడినందుకు అమ్మవారికి ఏం మొక్కుకోవాలో తల్లిని అడగాలి. కోపం వచ్చినందుకు మాత్రం మొక్కుకోబోడు. ఆ సంగతి అమ్మవారికి చెప్పే ఉంచాలి అనుకున్నాడు.

ఇంతలో జిల్లా జట్టు కుర్రవాడొకడు ఎడమ పక్కనుంచి జారిపోయాడు. ముద్దప్ప బంతి వెంట పోయి తన చోటు వదిలేశాడు. నడుమంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఇంకొకడు పరుగెత్తుకొస్తున్నాడు. నాగన్న ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు.

"ఎనక చూడరా ముద్దప్పా, ఎనక," అని గొంతు చించుకున్నాడు. "నడిమిట్ల ఎవడున్నడురా, మీ మిల్లు మేనేజరా?"

పక్కనే శ్రీశైలం కూడా లేచి నిలబడి, చెయ్యి ఊపుతూ, తాను నేర్పినవాణ్ణి నడుమకు రమ్మని అరుస్తున్నాడు. విన్నాడో, తనకే తట్టిందో, ముద్దప్ప చటుక్కున వెనక్కి మళ్ళి, అడ్డం పడి, బంతిని కర్రకు అంటించుకుని తీసుకుపోయాడు. జనం అరిచారు.

శ్రీశైలం కూర్చున్నాడు. "చెప్పిన గద అన్నా, మంచిగ ఆడ్తడని," అన్నాడు.

"ఆడ్తుండు పో," అన్నాడు నాగన్న. ఆ ఒప్పుకోవడం కూడా కోపంగానే.